వాగులో కలిసిన మందు ఊరుకోదు

ఇదివరకు రెండు రోజుల్లో జ్వరం దించిన మాత్ర ఇప్పుడు వారం వాడినా పనిచేయకపోతే మన ఇళ్లలో వినిపించే మాట ఒకటే: ఒళ్లు మందుకు అలవాటు పడిపోయిందని. రోగికి తేలిగ్గా అర్థమవుతుందని కొందరు డాక్టర్లు కూడా ఇదే మాట అంటుంటారు. కాఫీకి, పొగాకుకు అలవాటు పడినట్టే యాంటీబయాటిక్‌కూ ఒళ్లు అలవాటు పడుతుందనుకోవడం వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఇక్కడ మారుతున్నది ఒళ్లు కాదు, ఒంట్లోని బ్యాక్టీరియా జనాభా. మందుకు చచ్చేవి చచ్చి, చావనివి మిగిలి, మిగిలినవే పెరిగి ఊరంతా అవే అవుతాయి. ఈ తేడా పట్టించుకోదగినంత పెద్దదే. ఎందుకంటే సమస్య రోగి ఒంట్లో పుట్టిందనుకున్నప్పుడు బాధ్యత కూడా పూర్తిగా రోగి నెత్తినే పడుతుంది. కోర్సు మధ్యలో ఆపేశాడు, చీటీ లేకుండా మెడికల్ షాపులో కొన్నాడు, జలుబుకు కూడా యాంటీబయాటిక్ మింగాడు అంటాం. అవి తప్పులే, వాటిని సరిదిద్దాల్సిందే. అయితే బ్యాక్టీరియాలో జన్యు వైవిధ్యం ఎలా పుడుతుందో, ఒకదాని నుంచి మరొకదానికి ఎలా చేరుతుందో తెలిసినవారికి ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. యాంటీబయాటిక్ ఎక్కడుంటే అక్కడ ఈ ఏరివేత సాగుతుంది. అది ఒళ్లా, ఫ్యాక్టరీ కాలువా అన్నది బ్యాక్టీరియాకు పట్టదు. అందుకే మందుల పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు చట్టబద్ధమైన పరిమితి ఉండి తీరాలి. దేశంలో తయారయ్యే బల్క్ డ్రగ్స్‌లో పెద్ద వాటా హైదరాబాద్, విశాఖ పరిసరాల నుంచే వస్తున్నప్పుడు ఈ విషయం మాట్లాడాల్సిన మొదటివాళ్లం మనమే.

అలవాటు సిద్ధాంతాన్ని 1943లోనే సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రూక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో పరీక్షకు పెట్టారు. వాళ్లు వాడింది యాంటీబయాటిక్ కాదు, బ్యాక్టీరియాను చంపే ఒక వైరస్. ఆ వైరస్ పూసిన పళ్లెంలో బ్యాక్టీరియాను పోస్తే కోట్లలో చచ్చిపోతాయి, ఏవో కొన్ని బతికి గుంపులు కడతాయి. ఆ కొన్ని వైరస్ తగిలిన తర్వాత దాన్ని తట్టుకోవడం నేర్చుకున్నాయా, తగలకముందే అలా పుట్టి ఉన్నాయా అన్నది ప్రశ్న. ఒకే మూలానికి చెందిన బ్యాక్టీరియాను వేర్వేరు గొట్టాల్లో విడివిడిగా పెంచి, ఒక్కో గొట్టంలోని వాటిని ఒక్కో వైరస్ పళ్లెంలో పోశారు. తగిలాక నేర్చుకునే పనే అయితే నేర్చుకునే అవకాశం అన్నింటికీ సమానం కాబట్టి, అన్ని పళ్లాల్లోనూ బతికినవాటి సంఖ్య ఇంచుమించు ఒకేలా ఉండాలి. ముందే పుట్టిన మార్పు అయితే లెక్క వేరుగా ఉంటుంది. ఒక గొట్టంలో తొలి తరాల్లోనే ఆ మార్పు వచ్చి దాని సంతానం వందలుగా పెరిగి ఉండవచ్చు, ఇంకో గొట్టంలో అసలు రాకపోయి ఉండవచ్చు. పళ్లాల్లో తేలింది రెండో లెక్కే. కొన్నింటిలో ఒక్కటీ లేదు, కొన్నింటిలో ఒకటో రెండో, కొన్నింటిలో వందకు పైగా. తర్వాత 1952లో జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు ఒక వెల్వెట్ గుడ్డతో ఇదే విషయాన్ని కళ్లకు కట్టారు. ఒక పళ్లెం మీది బ్యాక్టీరియా గుంపుల అచ్చు గుడ్డతో తీసి, స్ట్రెప్టోమైసిన్ కలిపిన పళ్లెం మీద అద్దారు. రెండో పళ్లెంలో బతికినవి ఏ చోట ఉన్నాయో చూసి, మందు లేని మొదటి పళ్లెంలో సరిగ్గా ఆ చోటి బ్యాక్టీరియాను తీసి పెంచారు. ఇలా కొన్ని విడతలు చేసేసరికి స్ట్రెప్టోమైసిన్ తమనూ తమ పూర్వీకులనూ ఒక్కసారైనా తాకని బ్యాక్టీరియా దాన్ని తట్టుకుంటూ దొరికాయి. మందు వాటికి ఏమీ నేర్పలేదు. ఉన్నవాటిలోంచి ఏరడానికి పనికొచ్చిందంతే.

అలాంటివి ముందే ఎందుకు ఉంటాయన్నది సంఖ్యల వ్యవహారం. మన పేగుల్లో కాపురముండే ఈ-కోలై బ్యాక్టీరియా జన్యురాశిలో దాదాపు 46 లక్షల అక్షరాలుంటాయి. అనుకూలమైన చోట అది 20 నిమిషాలకోసారి రెండవుతుంది. అంత రాతను అంత వేగంగా నకలు తీసినా అది చేసే పొరపాట్లు చాలా తక్కువ, సుమారు వెయ్యి నకళ్లకు ఒకటి. మామూలుగా చూస్తే ఇంతకన్నా శ్రద్ధగల లేఖకుడు ఉండడు. కానీ బాగా పెరిగిన ద్రవంలో ఒక్క మిల్లీలీటరుకు 100 కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. చివరిసారి రెండింతలయ్యేటప్పుడే అందులో లక్షల కొత్త అక్షరదోషాలు చేరతాయి. వాటిలో అత్యధికం ఏ మార్పూ తేవు, కొన్ని నష్టం చేస్తాయి, ఏ ఒక్కటో ఒక మందు అంటుకునే చోటును కాస్త వంకర చేస్తుంది. మందు లేనన్నాళ్లూ ఆ ఒక్కదానికి ప్రత్యేకత లేదు, మందు వచ్చిన రోజున చుట్టూ ఖాళీ అయిన చోటంతా దానిదే. క్షయ వైద్యం ఈ లెక్కను కష్టపడి నేర్చుకుంది. 1948లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ పరీక్ష ఫలితాలు వెలువడినప్పుడు మొదట్లో కోలుకున్న రోగుల్లో చాలామందికి కొన్ని నెలల్లోనే మందుకు లొంగని క్షయ తిరగబెట్టింది. మందు ఒక్కటే ఇవ్వడంతో, దాన్ని తట్టుకుంటూ ముందే ఊపిరితిత్తుల్లో ఉన్న ఏ కొన్ని క్రిములో మిగిలి పెరిగాయి. రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం అప్పటి నుంచి వచ్చిన పద్ధతి. రిఫాంపిసిన్‌ను తట్టుకునే క్రిమి పది కోట్లలో ఒకటి, ఐసోనియాజిడ్‌ను తట్టుకునేది పది లక్షలకో కోటికో ఒకటి ఉంటే, రెంటినీ ఒకేసారి తట్టుకునే క్రిమి ఒక మనిషి ఒంట్లో దాదాపు ఉండదు. క్షయ రోగి కోర్సు పూర్తి చేయాలని అంత గట్టిగా చెప్పడం వెనుక ఈ లెక్క కూడా ఉంది.

కానీ క్షయ క్రిమి ఒంటరిది. దానికి కావలసిన మార్పు తనలోనే పుట్టాలి, ఇతర బ్యాక్టీరియా నుంచి అరువు తెచ్చుకోదు. మన ఐసీయూల్లో నేడు డాక్టర్లను వణికిస్తున్న ఈ-కోలై, క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్ అలా కాదు. 1950ల్లో జపాన్‌లో రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లా ఉన్నట్టుండి నాలుగు మందులకు ఒకేసారి లొంగకుండా పోయింది. నాలుగు వేర్వేరు అక్షరదోషాలు ఒకే కణంలో ఒకేసారి పుట్టడం లెక్కల ప్రకారం జరగని పని. అవే రోగుల పేగుల్లోని ఈ-కోలైలో కూడా సరిగ్గా అవే నాలుగు మందుల నిరోధకత కనిపించింది. 1959 నాటికి జపాన్ శాస్త్రవేత్తలు రహస్యం ఛేదించారు. రెండు వేర్వేరు జాతుల బ్యాక్టీరియా పక్కపక్కన చేరినప్పుడు ఒకదాని నుంచి మరొకదానికి నిరోధక జన్యువులు మూకుమ్మడిగా దాటుతున్నాయి. వాటిని మోసేది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం. ఒకే ప్లాస్మిడ్ మీద అయిదారు మందుల నిరోధకత ఉండవచ్చు, అందులో ఒక్క మందు పరిసరాల్లో ఉన్నా మిగతా అన్నింటి నిరోధకతా దానితో పాటు నిలిచిపోతుంది. అంటే నిరోధకత అనేది తాత నుంచి మనవడికి వచ్చే ఆస్తి మాత్రమే కాదు, దారిన పోయే అపరిచితుడు చేతిలో పెట్టి వెళ్లగలిగే వస్తువు కూడా. రోగి మందు సరిగ్గా వాడాడా లేదా అన్న విచారణ క్షయకు చాలావరకు సరిపోతుంది. ప్లాస్మిడ్ల విషయంలో ఆ విచారణ సగం దారిలోనే ఆగిపోతుంది, ఎందుకంటే యాంటీబయాటిక్ మాత్ర జన్మలో మింగని మనిషి పేగుల్లోకి కూడా నీటి ద్వారా, తిండి ద్వారా, ఆసుపత్రిలో ఒక చేతి ద్వారా ఆ జన్యువు చేరుతుంది.

ఆ అపరిచితులు ఎక్కడివాళ్లు? ఇక్కడే వాగుల, చెరువుల ప్రసక్తి వస్తుంది. సిప్రోఫ్లోక్సాసిన్ వంటి క్వినోలోన్ మందులు ప్రకృతిలో లేవు, ప్రయోగశాలలో మనిషి తయారు చేసినవి. కాబట్టి వాటిని తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్ మీద వచ్చే అవకాశం లేదని చాలాకాలం అనుకున్నారు. 1998లో క్యూఎన్ఆర్ అనే అలాంటి జన్యువు బయటపడింది. 2005లో దాని పుట్టిల్లు కూడా దొరికింది: నీళ్లలో బతికే షెవనెల్లా అనే బ్యాక్టీరియా. మనకు రోగం తెచ్చే జాబితాలో సాధారణంగా కనిపించని జీవి అది. అలాగే సెఫలోస్పోరిన్ మందులను ముక్కలు చేసే సీటీఎక్స్-ఎం జన్యువుల మూలం క్లూయివెరా అనే మరో అనామక బ్యాక్టీరియా. ఇలాంటి జన్యువులు నేలలో, నీళ్లలో యుగాలుగా ఉన్నాయి. కెనడా వాయవ్య మూలన 30 వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల నుంచి కూడా నిరోధక జన్యువులను వెలికితీసి 2011లో ప్రకటించారు. దీన్ని చూపి, నిరోధకత ప్రకృతి సహజం, పరిశ్రమను నిందించి లాభమేమిటని అనేవాళ్లున్నారు. జన్యువు ప్రాచీనమన్నది నిజం. అది మంచుకింద ఒక మూలన ఉండటానికి, ఆసుపత్రిలో నవజాత శిశువు రక్తంలో ఉండటానికి మధ్య ఒక ప్రయాణం ఉంది. నీటి బ్యాక్టీరియాలోని జన్యువు ప్లాస్మిడ్ ఎక్కాలి, ఆ ప్లాస్మిడ్ మనిషి పేగు బ్యాక్టీరియాకు చేరాలి, చేరినది మిగతావాటిని వెనక్కి నెట్టి పెరగాలి. నీటి బ్యాక్టీరియా, మనిషి మలంలోని బ్యాక్టీరియా, యాంటీబయాటిక్ ఈ మూడూ ఒకే చోట కలిస్తే ఈ ప్రయాణంలో ప్రతి మెట్టూ సులువవుతుంది. నిప్పు ప్రాచీనమైనదే, అంతమాత్రాన గడ్డివాము పక్కన దీపం పెట్టుకోం.

ఆ మూడూ కలిసిన చోటుగా ప్రపంచ శాస్త్ర పత్రికలకు ఎక్కిన పేరు హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్, సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 90 ఔషధ కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే అక్కడి ఉమ్మడి కేంద్రం నుంచి, శుద్ధి అయిన తర్వాత బయటకు వస్తున్న నీటిని వాళ్లు పరీక్షించారు. లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లోక్సాసిన్ అందులో ఉంది. 500 మిల్లీగ్రాముల మాత్ర మింగిన రోగి రక్తంలో ఆ మందు అత్యధిక స్థాయికి చేరినప్పుడు లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే కాలువ నీటిలోని మందు రోగి రక్తంలో కన్నా పది రెట్లకు పైమాటే. రోజుకు మొత్తం సుమారు 45 కిలోలు, మాత్రల లెక్కన 90 వేలు. స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడే మందు ఒక్క రోజులో ఆ నీటితో పోతోందని వాళ్లు లెక్క కట్టారు. పైగా జీవశుద్ధి ప్రక్రియ సాగడానికి అందులో మనుషుల మురుగునీటిని కూడా కలిపేవారు. మందు, నీటి బ్యాక్టీరియా, మనిషి పేగు బ్యాక్టీరియా ఒకే ట్యాంకులో రోజుల తరబడి ఉన్నాయి. పుణే పరిశోధకులు కూడా పాలుపంచుకున్న మరో అధ్యయనం 2013లో ఈ శుద్ధి కేంద్రంలోని బ్యాక్టీరియాను వేరుచేసి 39 యాంటీబయాటిక్‌లతో పరీక్షించింది. వాటిలో 86 శాతం 20 లేదా అంతకన్నా ఎక్కువ మందులకు లొంగలేదు. దిగువన వాగు బురదలో నిరోధక జన్యువులు, వాటిని మోసే సాధనాలు అసాధారణ స్థాయిలో పేరుకుని ఉన్నాయని 2011లోనే మరో పరిశోధన తేల్చింది. ఈ నీరు చేరింది నక్కవాగుకు, అక్కడి నుంచి మంజీరకు, ఆపైన గోదావరికి.

ఆనాటి పరిస్థితి ఇప్పుడు లేదని అధికారులు, పరిశ్రమలు అంటాయి. అందులో కొంత నిజముంది. వాగులో వదిలే బదులు ఆ నీటిని పైపులైను వేసి నగర మురుగునీటి వ్యవస్థలోకి, అంబర్‌పేట శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. చాలా కంపెనీలు తమ ఆవరణ నుంచి చుక్కనీరు బయటకు వదలని పద్ధతికి మారామని చెబుతున్నాయి. అయితే 2017లో ప్రచురితమైన ఒక జర్మన్ పరిశోధక బృందం నివేదిక ప్రకారం, హైదరాబాద్ పరిసరాల్లో పరీక్షించిన 28 చోట్లా నీటిలో యాంటీబయాటిక్, ఫంగస్ మందుల అవశేషాలు దొరికాయి, దాదాపు అన్ని చోట్లా మొండి బ్యాక్టీరియా ఉంది. మందు గాఢత తగ్గిందనుకున్నా జన్యుశాస్త్రం మరో హెచ్చరిక చేస్తోంది. స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తలు 2011లో ఒక ప్రశ్న వేసుకున్నారు. బ్యాక్టీరియాను చంపనంత, పెరుగుదలను కూడా ఆపనంత పలచని మందు ఏమైనా చేస్తుందా? చేస్తుందని తేలింది. బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే మోతాదులో 230వ వంతు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నా, నిరోధక రకం మామూలు రకాన్ని నెమ్మదిగా వెనక్కి నెట్టేసింది. మామూలు రకం చావలేదు. పరుగులో అది ఒక్క అడుగు వెనకబడితే చాలు, 20 నిమిషాలకో తరం గడిచే చోట ఆ ఒక్క అడుగే కొన్ని రోజుల్లో మైళ్ల దూరమవుతుంది. నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు ఒక మైక్రోగ్రాములో పదో వంతు కన్నా తక్కువగా ఉంటేనే క్షేమమని శాస్త్రవేత్తలు సూచించడానికి కారణం ఇదే. పటాన్‌చెరులో నాడు దొరికిన దానికీ ఈ సంఖ్యకూ మధ్య లక్షల రెట్ల తేడా ఉంది.

ఈ ఏరివేత సంగతి మన రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద శనగపచ్చ పురుగు విరుచుకుపడినప్పుడు సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులు ఎన్నిసార్లు కొట్టినా అది చావలేదు. అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పురుగు మందు తాగడం నేర్చుకోలేదు. ఏటా అదే మందు కొడుతూ పోతే చావని రకం మిగిలింది. బీటీ పత్తి వచ్చాక గులాబీ రంగు పురుగుతోనూ అదే జరిగింది. బీటీ గింజలతోపాటు చుట్టూ వేయడానికి బీటీ కాని గింజలు కొన్ని ఇచ్చింది ఈ ఏరివేతను ఆలస్యం చేయడానికే. పొలంలో పురుగు విషయంలో మందు పడిన ప్రతి ఎకరమూ లెక్కలోకి వస్తుందని ఒప్పుకున్న మనం, బ్యాక్టీరియా విషయంలో రోగి మింగిన మాత్రనే లెక్కిస్తున్నాం.

చట్టం ఎక్కడుందో చూద్దాం. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ బల్క్ డ్రగ్, ఫార్మా పరిశ్రమల వ్యర్థజలాల ప్రమాణాలపై ముసాయిదా విడుదల చేసింది. 121 యాంటీబయాటిక్‌లకు ఒక్కొక్కదానికి ఎంత అవశేషం ఉండవచ్చో పట్టిక ఇచ్చింది. ప్రపంచంలో ఏ దేశమూ అప్పటికి అంత దూరం వెళ్లలేదని పలువురు మెచ్చుకున్నారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక లేదు. ఆ పట్టికలోని అంకెల్లో కొన్ని మరీ కఠినంగా ఉన్నాయనుకుంటే సడలించి ఉండాల్సింది, అమలుకు అయిదేళ్ల గడువు ఇచ్చి ఉండాల్సింది. పట్టికనే ఎత్తేయడంతో, కంపెనీ నుంచి వచ్చే నీటి ఆమ్లగుణానికి, అందులోని ఘనపదార్థాలకు పరిమితి ఉండి, ఆ కంపెనీ తయారుచేసే సరుకైన యాంటీబయాటిక్‌కు మాత్రం పరిమితి లేని స్థితి ఏర్పడింది. ఆంధ్ర తీరం నుంచి ఐరోపాకు వెళ్లే రొయ్యల్లో నిషేధిత యాంటీబయాటిక్ ఆనవాలు కాస్త దొరికినా సరుకు తిప్పి పంపుతారు. 2016 నుంచి ఐరోపా దేశాలు మన చెరువు రొయ్యల సరుకులో సగాన్ని రేవుల్లో పరీక్షించి చూస్తున్నాయి. ఆ భయం వల్ల మన దగ్గర ప్రయోగశాలలు వచ్చాయి, చెరువుల వద్ద తనిఖీలు వచ్చాయి. కొనేవాడు అడిగితే రొయ్య కండలో అతి సూక్ష్మ పరిమాణాన్ని కూడా కొలవగలిగే దేశం, తన కాలువ నీటిలో కొలవలేదంటే నమ్మడం కష్టం.

పరిమితికి అడ్డుచెప్పే వాదనల్లో బలమైనది ఖర్చుది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. చవకైన యాంటీబయాటిక్ దొరకక చనిపోయే పేదలు ఇప్పటికీ ఆఫ్రికాలో, మన దేశంలో ఉన్నారు. మందుల ధర పెరిగితే మొదట దెబ్బతినేది వాళ్లే. ముడిపదార్థాల్లో చైనాతో పోటీ పడలేక మన పెన్సిలిన్ పరిశ్రమ మూతపడి, ఎన్నో ఏళ్ల తర్వాత ఇప్పుడు కాకినాడ జిల్లాలో పెన్సిలిన్-జి తయారీ మళ్లీ మొదలైంది. కొత్త నిబంధనతో దాన్ని మళ్లీ దెబ్బతీస్తారా అన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే ఖర్చు ఎంతన్నది మందును ఎక్కడ ఆపుతామన్న దాని మీద ఆధారపడుతుంది. వంద కంపెనీల నీరు, ఊరి మురుగు అన్నీ కలిశాక లక్షల లీటర్లలో కలిసిన మందును తీయడం భారీ ఖర్చు. కడిగిన మొదటి నీటిని తయారీ తొట్టె పక్కనే వేరుగా పట్టి, అక్కడే విచ్ఛిన్నం చేస్తే నీటి పరిమాణం తక్కువ. పెన్సిలిన్ జాతి మందులు క్షార గుణానికే విరిగిపోతాయి. సిప్రోఫ్లోక్సాసిన్ మొండిది, బురదను పట్టుకుని ఉండిపోతుంది, దానికి ఓజోన్ వంటి పద్ధతులు కావాలి. అందరికీ ఒకే అంకె, ఒకే తేదీ ఉంటే నిజాయితీగా ఖర్చుపెట్టే కంపెనీ నష్టపోదు. ఇప్పుడు నష్టపోతున్నది అదే, ఎందుకంటే శుద్ధి చేయని పక్కవాడు చవకగా అమ్ముతాడు. కొనేవాళ్లు కూడా మారుతున్నారు. నార్వే 2019లో ఆసుపత్రులకు యాంటీబయాటిక్‌లు కొనే టెండర్లలో పర్యావరణానికి 30 శాతం మార్కులు ఇచ్చింది. 2022లో పెద్ద కంపెనీల కూటమి తానే ఒక తయారీ ప్రమాణాన్ని తెచ్చుకుంది. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. ఎగుమతి కోసం రేపు ఎలాగూ చేయాల్సిన పనిని మన ప్రజల కోసం ఈరోజే చేయమంటే పరిశ్రమ కూలిపోదు.

రెండో అభ్యంతరం, అసలు దోషం జనం విచ్చలవిడి వాడకంలో, ఆసుపత్రుల అపరిశుభ్రతలో, శుద్ధి కాని మురుగునీటిలో ఉందని. ఇందులో చాలా నిజముంది. 2011లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఢిల్లీలో వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లో, కుళాయి నీటి నమూనాలు 50లో రెండింటిలో ఎన్‌డీఎం-1 అనే నిరోధక జన్యువు దొరికింది. అక్కడ మందుల ఫ్యాక్టరీ ప్రసక్తి లేదు, మనుషుల మురుగే కారణం. దేశం మొత్తం మీద చూస్తే మురుగునీటి శుద్ధి, టీకాలు, ఆసుపత్రిలో చేతులు కడుక్కోవడం ఎక్కువ ప్రాణాలను కాపాడతాయని నేనూ ఒప్పుకుంటాను. కానీ రెండింటి ముప్పూ ఒక రకం కాదు. మురుగు ఉన్న నిరోధకతను ఊరంతా పంచుతుంది. ఫ్యాక్టరీ నీటిలోని గాఢమైన మందు, నీటి బ్యాక్టీరియా నుంచి మనిషి బ్యాక్టీరియాకు ఇంకా దాటని కొత్త జన్యువు దాటే అవకాశాన్ని పెంచుతుంది. క్యూఎన్ఆర్ వంటి జన్యువు ఒక్కసారి దాటితే చాలు, ఆ తర్వాత విమానం ఎక్కి ఏ దేశానికైనా వెళ్తుంది. అరుదుగా జరిగేదే అయినా వెనక్కి తిప్పుకోలేని సంఘటన అది. పైగా లక్షల ఇళ్లను, వేల మెడికల్ షాపులను, ఊరూరా ఉన్న ఆర్‌ఎంపీలను మార్చడం తరాల పని. ఫ్యాక్టరీల గొట్టాలు లెక్కకు అందేవి, ఒక్కోదానికి ఒక చిరునామా, ఒక లైసెన్సు ఉన్నాయి. సులువైన పనిని, కష్టమైనది ఇంకోటి ఉందని చెప్పి వాయిదా వేయడం నాకు సబబుగా తోచదు. చుక్కనీరు బయటకు వదలడం లేదంటున్న కంపెనీల వాదన కూడా పరిమితికే బలం చేకూరుస్తుంది. వదలని నీటికి పరిమితి పెడితే వాళ్లకు పోయేదేమీ లేదు.

మందు వాడకం తగ్గిస్తే నిరోధకత దానంతట అదే పోతుందని, లేదా కొత్త మందులు వస్తాయని మరికొందరి ధీమా. నిరోధకత మోసే బ్యాక్టీరియాకు కొంత భారం ఉంటుంది, మందు లేనిచోట అది వెనకబడుతుందన్నది నిజమే. 1990ల తొలినాళ్లలో ఫిన్లాండ్‌లో ఎరిత్రోమైసిన్ జాతి మందులు తగ్గించాక, గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకోకస్‌లో నిరోధకత నాలుగేళ్లలో 16.5 నుంచి 8.6 శాతానికి దిగింది. కానీ బ్రిటన్‌లో 1990ల్లో సల్ఫా మందుల చీటీలు 97 శాతం తగ్గినా ఈ-కోలైలో వాటి నిరోధకత తగ్గకపోగా కాస్త పెరిగింది. స్వీడన్‌లోని ఒక కౌంటీలో రెండేళ్లపాటు ట్రైమెథోప్రిమ్ వాడకం 85 శాతం తగ్గించినా ఫలితం లేశమాత్రమే. కారణం మళ్లీ జన్యువుల్లోనే ఉంది. భారం మోస్తున్న బ్యాక్టీరియాలో మరో అక్షరదోషం పుట్టి ఆ భారాన్ని తేలిక చేస్తుంది, లేదా ఆ జన్యువు ఉన్న ప్లాస్మిడ్ మీద ఇంకో మందు నిరోధకత ఉండి దాన్ని నిలబెడుతుంది. ఒకసారి లోపలికి వచ్చిన నిరోధకత కొన్నిసార్లే తిరిగి వెళ్తుంది. కొత్త మందుల విషయానికొస్తే, ఏ కొత్త మందు వచ్చినా దాన్ని టన్నుల్లో తయారుచేసే చోట్లలో మనదీ ఒకటి కావచ్చు. ఆ మందు మొదటి రోగికి చేరకముందే దాని అవశేషం మన కాలువల్లో ఏరివేత మొదలుపెడితే ఆ మందు ఆయుష్షు పుట్టకముందే తరుగుతుంది. నిరోధక బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది, మన దేశంలో దాదాపు 3 లక్షల మంది నేరుగా చనిపోయారని అంచనా. ఆ ఏడాది తర్వాత మన ఐసీయూల్లో పరిస్థితి మెరుగుపడలేదు.

ఈ విషయంలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. పర్యావరణ పరిరక్షణ నిబంధనలు నీరు చేరే చోటి స్థితిని బట్టి, జాతీయ ప్రమాణాల కన్నా కఠినమైన పరిమితులు విధించే అధికారాన్ని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లకు ఇచ్చాయి. 2020 ముసాయిదాలోని పట్టిక చేతిలో ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చేతిలో ఉన్నాయి. అన్ని మందులతో కాకపోయినా సిప్రోఫ్లోక్సాసిన్ వంటి నీళ్లలో విరగని పదింటితో మొదలుపెట్టవచ్చు. కంపెనీ సొంత కొలతల మీద ఆధారపడకుండా మండలి తానే నమూనాలు తీసి, ఒక్కో ఫ్యాక్టరీ నీటిలో, దిగువ వాగు నీటిలో, బురదలో ఏ మందు ఎంత ఉందో మూడు నెలలకోసారి తెలుగులో ప్రకటించాలి. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు రూపుదిద్దుకుంటోంది. కొత్తగా కడుతున్న చోటది. యాంటీబయాటిక్ తయారీ నీటిని మిగతా నీటితో, ముఖ్యంగా మనుషుల మురుగుతో కలవనీయకుండా వేరే గొట్టం వేయమని అనుమతి పత్రంలోనే రాస్తే ఇవాళ అది ఒక వాక్యంతో, కొంత అదనపు పైపుతో పోయే పని. పటాన్‌చెరులో ఏళ్ల తర్వాత నీటిని మళ్లించే పైపు వేయడానికి రోడ్లు తవ్వాల్సి వచ్చింది, కోర్టులు ఎక్కాల్సి వచ్చింది, అప్పటికే బురదలో చేరిన జన్యువులను మాత్రం ఎవరూ తవ్వి తీయలేకపోయారు.